తల్లిగారి చీర

పొద్దున్నే ఫోన్ చేసిన అవ్వ ఏడవలేదు. "మీ అక్క పోయిందట" అంది. తర్వాత, "చీర మనమే పెట్టాలె" అంది.

నాకు అక్క లేదు. అవ్వ కన్నది నన్నొక్కదాన్నే. ఈ మాట చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు అన్నానో. ఆ పొద్దున కూడా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

అప్పటికే నేనుండే కరీంనగర్ హాస్టల్లో అందరి ఫోన్లలో, అవ్వ నాకు అక్క అన్న ఆమె ఫొటో తిరుగుతోంది. మాజీ ఆరోగ్య మంత్రి, హైదరాబాదులో, నిద్రలోనే, గుండె ఆగి. నా పక్క మంచం అమ్మాయి ఆ ఫొటో కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టి, "మస్తు మంచిదట కదా" అని నన్నే అడిగింది. "అట" అన్నాను. ఆమె మా వంటింట్లో నిలబడి అన్నం తిన్న మనిషని ఆ అమ్మాయికే కాదు, నేను పనిచేసే గ్రానైట్ ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదు. డైరీలో తప్ప నేనెక్కడా ఆమె మాట ఎత్తను. డైరీలో కూడా పేరు రాయను. "ఆమె" అనే రాస్తాను.

మా దిక్కు పెండ్లయిన ఆడది పోతే తల్లిగారింటి నుంచి చీర రావాలి. అత్తగారింట్లో బీరువా నిండా పట్టుచీరలున్నా సరే, కడసారి ఒంటి మీద పడేది తల్లిగారి చీరే. అది రాలేదంటే ఆ మనిషికి వెనక ఎవరూ లేరని పదిమందిలో చెప్పినట్టే. ఆమెకు తల్లి లేదు. తండ్రి ఎప్పుడో పోయాడు. తోడబుట్టినవాళ్లు లేరు. మాకూ వాళ్లకూ కులం ఒకటి కాదు, ఇంట్లో మాట్లాడే మాట కూడా ఒకటి కాదు. బొగ్గుబాయి కంపెనీ క్వార్టర్లలో రెండిళ్ల మధ్య ఒక పొట్టి గోడ ఉండేది, అంతే.

"నువ్వు రాకుంటే ఎవలు వెడ్తరు?" అంది అవ్వ. "నా మోకాళ్లు రావు. వచ్చినా బొట్టు లేనిదాన్ని, ముందటికి రానియ్యరు. పొద్దు గుంకకముందే లేపుతరట. జల్ది రా."

మంచిర్యాల బస్సెక్కాను.

ఆమె ఏ యేడు వార్డు మెంబరైందో, ఎప్పుడు ఎమ్మెల్యే అయిందో, మంత్రి పదవి ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో రేపటి పేపర్లు రాస్తాయి. నాకు తెలిసింది గిన్నెల మూతల సంగతి.

నస్పూర్‌లో మా ఇంటికి ఆమె ఎప్పుడూ ముందు తలుపు నుంచి రాలేదు. మంత్రి అయ్యాక కూడా అంతే. గన్‌మెన్‌ను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, తను సందులోంచి తిరిగి వెనక తలుపుకు వచ్చేది. చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి ఒక్కొక్క గిన్నె మూత ఎత్తి చూసేది. "ఏం వండలేదాయె" అంటూనే అరచేతిలో కూర వేసుకొని నిలబడి తినేది. "ఉప్పు జర ఎక్కువైంది" అనేది. అవ్వ నవ్వేది. అదే మాట నేనంటే, "రేపటి నుంచి నువ్వే వండు మరి" అనేది.

ఆసుపత్రులకు పోయినా ఆమె పద్ధతి ఇదేనని తర్వాత తెలిసింది. మంత్రి వస్తోందని గేటు దగ్గర పూలదండలతో నిలబడితే, ఆమె వెనకనుంచి వంటగదిలో దూరి పప్పు గిన్నె మూత ఎత్తేదట. రోగుల దుప్పట్లు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేదట. పేపర్లు ఆకస్మిక తనిఖీ అని రాశాయి. నాకు ఒళ్లు మండింది. అది తనిఖీ ఎట్లా అవుతుంది, అలవాటు. మా అవ్వ గిన్నెల మీద నేర్చుకొని రాష్ట్రమంతా వాడుకుంది.

అసలు సంగతి ఏమిటంటే, నేను పుట్టకముందే మా ఇంట్లో ఒక బిడ్డ ఉంది. అవ్వకు పెండ్లయి చాలా ఏండ్లు పిల్లలు కాలేదు. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చిన ఒకాయన, తల్లి లేని పిల్లతో పక్క క్వార్టర్లో దిగాడు. డ్యూటీకి పోతూ పిల్లను గోడ మీంచి అవ్వ చేతికి అందించేవాడట. "గోడ మీంచి వచ్చిన బిడ్డ" అని అవ్వ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. నేను అందరిలాగే ఆసుపత్రిలో పుట్టాను. దాంట్లో చెప్పుకోవడానికి ఏముంది.

ఆ పిల్ల వాళ్ల ఇంటి మరాఠీలో అమ్మను పిలిచినట్టు మా అవ్వను "ఆయీ" అని పిలిచింది. నేను పుట్టేసరికి అవ్వ చెవి ఆ పిలుపుకు అలవాటు పడి ఉంది. నేను "అవ్వా" అంటే "ఏందే" అని పలికేది. ఆమె "ఆయీ" అంటే "ఆఁ బిడ్డా" అనేది. చిన్నప్పుడు ఒకసారి నేనూ "ఆయీ" అని పిలిచి చూశాను. అవ్వ నా వైపు తిరగలేదు. ఆమె వచ్చిందేమోనని వెనక తలుపు దిక్కు చూసింది.

ఆమెకు ఒక ప్రశ్న ఉండేది. "పానం ఎట్లుంది?" ఒంట్లో ఎట్లా ఉందని మా దిక్కు అందరూ అడిగేదే. "మంచిగుంది" అని జవాబు చెబితే అడిగినవాళ్లు తమ దారిన పోతారు. ఆమె పోయేది కాదు. అడిగి, ఆ మనిషి మొహం చూడకుండా, చేయి తన చేతిలోకి తీసుకొని గోళ్లు చూస్తూ కూర్చునేది. రెండోసారి అడిగేది కాదు. "మంచిగనే ఉంది" అన్న మనిషే కాసేపటికి, "ఏమో అక్కా, మెట్లెక్కితే దమ్మొస్తుంది" అనేవాడు. ఇంకాసేపటికి ఇంట్లో ఎవరికీ చెప్పని మాట చెప్పేవాడు. ఆమెను మాటకారి అంటారు గానీ, నా లెక్కలో ఆమె ఓట్లన్నీ ఈ గోళ్లు చూడటంలోంచే వచ్చాయి. నోరు మూసుకొని కూర్చోవడం నాకూ వచ్చు. అసలు నాకు వచ్చేదే అది. కానీ నా పక్కన కూర్చున్నవాళ్లు నాకేమీ చెప్పరు. ఇబ్బందిపడి లేచి పోతారు.

శాఖ ఇచ్చిన వారమే ఇంటికి వచ్చింది. "ఆయీ, నాకు పానాల శాఖ ఇచ్చిండ్రు" అంది.

"గదేం శాఖ బిడ్డా?"

"అందరి పానాలు నేనే అర్సుకోవాలెనట."

"ముందుగాల నీది అర్సుకో. బొక్కలు తేలినయ్."

అసెంబ్లీలో కూడా ఒకసారి ఆరోగ్యం అనకుండా పానం అనే అంది. ఎవరో నవ్వారు. టీవీలో చూశాను, ఆమె కాగితాలు సర్దుకొని, "నవ్వుండ్రి, నవ్వుడైనంక చెప్త" అని నిలబడింది. నవ్వినాయన సర్దుకున్నాక, ఆపిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టింది. నన్నెవరైనా అట్లా నవ్వితే నేను ఆ ఊరే విడిచి పోతాను. ఆ రాత్రి డైరీలో "ఆమెకు సిగ్గు లేదు" అని రాశాను. తిట్టుగా రాయాలనుకున్నాను. చదివితే తిట్టులా లేదు.

ఒక ఎండాకాలం నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. రోజూ అవ్వ పక్కనే కూర్చుని ఉద్యోగ పరీక్షకు చదువుకుంటున్నాను. రోజూ అడుగుతూనే ఉన్నాను, పానం ఎట్లుందని. "నాకేమైతదే" అంటోంది. అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. మూతలు ఎత్తడం అయ్యాక, అవ్వ చేయి పట్టుకొని గోళ్లు చూస్తూ కూర్చుంది. నేను పుస్తకం వెనక నుంచి చూస్తున్నాను. అవ్వ మెల్లగా, "ఎడమ కన్ను మసకైంది బిడ్డా. చలికాలం సంది" అంది.

చలికాలం నుంచి. నేను పుస్తకం మూసేశాను.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు సదువుకుంటున్నవ్ గద, పరేషాన్ జేసుడెందుకని" అంది అవ్వ.

ఆ వారంలోనే కంటి ఆపరేషన్ అయింది. ఆమె రాలేదు, సమావేశాలున్నాయట. ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడింది అంతే. ఆసుపత్రిలో ఉన్నది నేను. మందులు వేసింది నేను. పట్టీ విప్పిన రోజు అవ్వ మొట్టమొదట నన్నే చూసింది. చూసి, "అక్కకు ఫోన్ గొట్టు" అంది.

ఇంకొకసారి ఆమె నాకే ఫోన్ చేసింది. ఉట్నూర్ దిక్కు ఎక్కడో కాన్పుల వార్డు తెరవాలట. "చెల్లే, నువ్వు గన్ని బుక్కులు సదువుతవ్. నాకు రెండు మాటలు రాసియ్యరాదు" అంది. నేను రాసిన వాటిలో మంచివి ఏరి చూపమంటే ఇప్పటికీ ఆ ప్రసంగాన్నే చూపిస్తాను. తల్లి గురించి, అడవి దారుల గురించి, దూరం గురించి రాశాను. ఒక్కో వాక్యం పైకి చదివి చూసుకున్నాను. ఆ రోజు నన్నూ బండిలో తీసుకుపోయింది. వేదిక మీద ఆమె నా కాగితం తీసింది. ఆమె ముందు వరుసలోకి చూసింది, కాగితం మడిచింది, దానితో విసురుకుంది.

"కడుపుతోని ఉన్నోళ్లు వెనక నిలవడ్డరు. పెద్దసార్లు కుర్చీలల్ల ఉన్నరు. సార్లు జర లేవుండ్రి, వాళ్లను కూసోనియ్యుండ్రి" అంది మైకులో.

సార్లు లేచారు. ఆడవాళ్లు సిగ్గుపడుతూ ముందుకు వచ్చి కూర్చున్నారు. ఆమె వేదిక దిగి వాళ్ల మధ్య పోయి కూర్చుంది. ప్రసంగం అంతే. వెనక్కి వస్తూ బండిలో, "మస్తు రాసినవ్ చెల్లే. గని నా నోట్లె వట్టలే" అని కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది. నేను రాసిన దూరం, తల్లి, అడవి అన్నీ ఆ కుర్చీల ముందు తేలిపోయాయని నాకు అప్పుడే తెలుసు. తెలిసినందుకే ఆమె మీద కోపం వచ్చింది.

పెండ్లయినంక ఆమెకు ఒడిబియ్యం పోసింది కూడా అవ్వే. అది తల్లిగారింటివాళ్లే చేయాల్సింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, కొత్త చీర, అన్నీ ఆడబిడ్డ కొంగులో పోస్తారు. మంత్రిగా ఉన్న ఏడు కూడా వచ్చి, పీట మీద కొంగు పట్టుకొని చిన్నపిల్లలాగా కూర్చుంది. గోడల మీంచి వాడకట్టంతా చూస్తున్నారు. పళ్లెం పట్టుకున్నది నేను. అవ్వ నా మొహం చూసి, "నీ పెండ్లైతే నీకూ పోస్త తియ్" అంది. అందరూ నవ్వారు. నేను పళ్లెం కింద పెట్టి వెనక గదిలోకి పోయి పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ తిప్పలేదు. ఆమె బండ్ల చప్పుడు ఎప్పుడు దూరమవుతుందా అని వింటూ కూర్చున్నాను. ఆమె మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నేను ఎదురుచూసింది అదొక్కటే, ఆమె పోవడం.

పదవి పోయిన రోజు ఆటోలో వచ్చింది. సంగతి టీవీలో అప్పటికే చెప్పారు. ఆ రోజు మూతలు ఎత్తలేదు. గడప మీద కూర్చుని, "ఆయీ, డ్యూటీ వోయింది" అంది, బాయిలో పని పోయిన మనిషి అన్నట్టే. ఎందుకు తీసేశారని అవ్వ అడగలేదు. "తిన్నవా?" అంది. తర్వాత కొబ్బరినూనె సీసా తెచ్చుకొని ఆమె తల తన ముందుకు లాక్కుంది. ఆ జుట్టులో తెల్ల వెంట్రుకలు నేను అప్పుడే చూశాను. జాలిపడాల్సింది. నాకు మాత్రం, ఉద్యోగ పరీక్ష రెండోసారి తప్పిన రోజు అవ్వ నా తలకు నూనె పెట్టలేదని గుర్తొచ్చింది.

ఆమె కళ్లు మూసుకునే ఉంది. "చెల్లె గుర్రుగ సూస్తుంది ఆయీ. దానికి గూడ వెట్టు" అంది.

"నాకొద్దు" అన్నాను.

"సూశినవా" అంది ఆమె. అవ్వ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పదవి పోయిన మనిషి మా ఇంట్లో కూర్చుని నన్ను చూసి నవ్వింది.

మంచిర్యాలలో బస్సు దిగి నేను ఇల్లు చేరేసరికి అవ్వ బీరువా తెరిచి నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆకుపచ్చ పట్టుచీర. గుర్తుపట్టాను. నా పెండ్లికని అవ్వా బాపూ కలిసి, బాపు బతికున్నప్పుడు కొన్నది. ఏటా నీడలో ఆరబెట్టి, మడతలు మార్చి లోపల పెడుతుంది.

"గది నాది" అన్నాను.

"నీదే."

"మంచిర్యాలల దుకాణాలు లేవా? కొత్తది కొందం."

"దారిల కొనుకపోయి కప్పేటందుకు అదేమన్న ఎవలు లేనిదా?" అంది అవ్వ. చీర అంచు చేత్తో సాపు చేస్తూనే ఉంది. "నీకు మళ్ల కొంట. దానికి మళ్ల ఎన్నడు వెడ్త?"

అవ్వ చీరను, పసుపు కుంకుమలను, ఆకుపచ్చ గాజులను ఒక సంచిలో పెట్టింది. లేవబోయి, మోకాలు పట్టుకొని మళ్లీ కూర్చుంది. "నోరు తెరిశి చెప్పు" అంది. "ఎనక నిలవడి మల్లిరాకు. తల్లిగారోళ్లమని చెప్పు. చెప్పకుంటే ఎవలకు తెలుస్తది?"

ఆమె అత్తగారి ఊరు లక్షెట్టిపేట అవతల. హైదరాబాదు నుంచి ఆమెను అక్కడికే తెచ్చారు. కారు మాట్లాడుకొని పోయాను. సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నిజం రాయాలంటే, దారి పొడవునా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఉన్నన్నాళ్లు మా గిన్నెలు, పోతూ పోతూ నా చీర.

ఊరి బయటి నుంచే బండ్లు ఆగిపోయాయి. జనంలో నడిచి పోయాను. ఇంటి ముందు తాడు కట్టారు. తాడు లోపల ఆమె. మీద పార్టీ జెండా, దాని మీద శాలువాలు, దండలు. మొహం మాత్రమే కనిపిస్తోంది. ఒకాయన మైకులో మాట్లాడుతున్నాడు.

తాడు దగ్గర ఉన్న ఆడ కానిస్టేబుల్ చేయి అడ్డం పెట్టింది. "దండనా? ఇటియ్యి, మేం వేస్తం."

"దండ కాదు."

"మరేంది?"

"చీర" అన్నాను. నాకే వినబడలేదు.

"పెద్ద లీడర్లు వస్తున్నరమ్మా, జర పక్కకుండు."

పక్కకే ఉన్నాను. నాకు బాగా వచ్చిన పని అది. అక్కడి నుంచి ఆమె తల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తున్నారు. వాళ్లలో ముసలామె ఆమె అత్త. "తల్లిగారి చీర రాలే" అంటోంది, ఎవరితో అంటున్నట్టూ కాకుండా.

"ఆమెకు తల్లిగారు యాడున్నరత్తా?" అంది పక్కనున్నామె. "మనింట్లదే కప్పుదం. పొద్దు వోతుంది." ఒకామె చీర తేవడానికి ఇంట్లోకి లేచింది.

నాకు భయం తగ్గిందని చెప్పను. కానీ ఆ మాట మాత్రం భరించలేకపోయాను. ఆమెకు తల్లిగారు లేరా? మరి ఇన్నేండ్లు నా కడుపు మండింది ఎవరిని చూసి?

"తల్లిగారోళ్లం" అన్నాను.

"ఏందమ్మా?" అంది కానిస్టేబుల్.

"తల్లిగారోళ్లం వచ్చినం" అని అరిచాను. "నస్పూర్ నుంచి. చీర తెచ్చినం. జరుగుండ్రి."

మైకులో మాట్లాడుతున్నాయన ఆగిపోయాడు. ముందున్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. నేను సంచిని రెండు చేతులతో పట్టుకొని, కిందికి చూడకుండా నిలబడ్డాను. కానిస్టేబుల్ తాడు పైకెత్తింది.

ఆడవాళ్లు చుట్టూ దుప్పట్లు అడ్డం పట్టారు. శాలువాలు తీశారు, జెండా తీసి మడిచి పక్కన పెట్టారు. ముసలామె చీర విప్పి వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇప్పుడు కొన్నది గాదు గద ఇది."

"ఇంట్లది" అన్నాను.

ముసలామె తల ఊపింది. ఇద్దరం కలిసి కప్పాం. గాజులు నేను తొడిగాను. నా పెండ్లి చీర ఆమెకు బాగుంది. నాకంత బాగుండేది కాదు. అటువంటప్పుడు కూడా నేను అది చూశాను.

అడ్డం పట్టిన దుప్పట్లు దించారు. పాడె తెచ్చారు. నలుగురు మగవాళ్లు వంగబోతుంటే ముసలామె చేయెత్తి ఆపింది.

"తల్లిగారోళ్లు ఉన్నరు. వాళ్లనడగకుండ ఎట్ల లేపుతరు?" అంది. నా దిక్కు తిరిగింది. "ఏమంటవ్ బిడ్డా? లేపమంటవా?"

అది రివాజు. అడుగుతారు, తల్లిగారివాళ్లు ఊఁ అంటారు. నోరు తెరవనక్కర లేదు, తల ఊపినా చాలు. నాయకులు, పోలీసులు, ఊరివాళ్లు అందరూ నా తల దిక్కే చూస్తున్నారు. ఎవరో చేతి గడియారం చూసుకున్నారు. వెలుతురు తగ్గుతోంది.

"జర సేపు ఉండనియ్యుండ్రి" అన్నాను.

వంగినవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు.